తడి తోలు

చివర సంచి కట్టిన కర్రలతో బంతి విసురుకునే లక్రాస్ ఆట వానకు ఆగదు. ఉరిమితేనే ఆపాలి. ఆ శనివారం ఉరుము కూడా దయ తలచలేదు. పొద్దుటినుంచీ సరస్సు మీదుగా సన్నటి జల్లు విసుగు పుట్టించేలా కొడుతూనే ఉంది. అంపైర్ కొలీన్ డఫీ చారల చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కళ్ళద్దాలు తుడుచుకుందామంటే ఒంటిమీద పొడిగుడ్డ అన్నది లేదు.

ఎల్మ్‌హిల్ కాలేజీ అమ్మాయిలు ఒక్క గోలు వెనకబడి ఉన్నారు. ఈ ఆట గెలిచినవాళ్ళు జాతీయ టోర్నమెంటుకు వెళ్తారు, ఓడినవాళ్ళు సామాన్లు సర్దుకుని సెలవులకు ఇళ్ళకు వెళ్తారు. అవతలి జట్టు రాడ్‌ఫీల్డ్‌కు ఆ టోర్నమెంటు పుట్టిల్లు లాంటిది, ఏటా వెళ్ళొస్తుంటారు. వాళ్ళ జిమ్ గోడ నిండా ఏ ఏడు ఏ రౌండు దాకా వెళ్ళారో చెప్పే జెండాలే. ఎల్మ్‌హిల్ జిమ్ గోడకు గడియారం ఉంది, అంతే. కాలేజీ పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా టోర్నమెంటు మొహం చూసిన పాపాన పోలేదు.

ఇక నిమిషం కూడా లేదనగా ఎల్మ్‌హిల్ పదిహేడో నంబరు, ఎర్ర జడ వేసుకున్న పొడుగాటి పిల్ల, గోలు వెనకనుంచి చుట్టు తిరిగొచ్చి ఇద్దరి మధ్యలోంచి దూరి నేలబారుగా విసిరింది. బంతి బురదలో ఒక్క గెంతు గెంతి వలలో పడింది. సమానం! గట్టుమీది తల్లిదండ్రులు గొడుగులు పారేసి మరీ గంతులేశారు.

అప్పుడు రాడ్‌ఫీల్డ్ కోచ్ చెయ్యెత్తింది. "కర్ర చూడాలి" అంది.

అడగడం ఆవిడ హక్కే. కాదనలేం. కానీ ఎప్పుడడిగిందో చూడండి! ఆట మొదలవకముందు పొడి కర్రలన్నీ కొలీన్ స్వయంగా చూసి మంచివేనని పంపింది. అప్పుడు ఈ మహాతల్లి నోరెత్తలేదు. ఈ రోజుల్లో కాలేజీల్లో అందరూ నైలాన్ వలలకు మారిపోయారు. పదిహేడో నంబరు పిల్ల మాత్రం ఇంకా పాతకాలపు తోలుతాళ్ళ సంచి కట్టిన కర్రతోనే ఆడుతోంది. తోలు నానితే సాగుతుందని ఈ సరస్సుల సీమలో పాలపళ్ళ పిల్లలకు కూడా తెలుసు. ఆవిడ గొడుగు కింద చేతులు కట్టుకుని, తోలు నానేదాకా ఓపిక పట్టిందన్నమాట.

కొలీన్ చెయ్యి చాపింది. ఆ పిల్ల కర్ర ఇచ్చింది.

కర్ర చూడడమంటే పెద్ద విద్యేం కాదు. బంతిని సంచిలో పెట్టాలి. బొటనవేలితో ఒకసారి నొక్కాలి. వదలాలి. కర్రను కంటికి సమానంగా ఎత్తి పక్కనుంచి చూడాలి. బంతి నడినెత్తి చట్రం అంచుకు పైన కనిపిస్తే కర్ర మంచిది. కనిపించలేదో, సంచి లోతెక్కువ, గోలు చెల్లదు. కొలీన్ తన జీవితంలో అన్నం ముద్దలు ఎన్ని తిన్నదో కర్రలు అన్ని చూసి ఉంటుంది.

వేళ్ళు చలికి కొయ్యబారిపోయాయి. అద్దాల మీద నీళ్ళు. ఆమె బంతి పెట్టింది, నొక్కింది, ఎత్తింది, చూసింది. అంచుకు పైన ఏమీ లేదు. ఇంకోసారి కళ్ళు చిట్లించి చూసింది. లేదు.

చేతులు అడ్డంగా ఊపింది. గోలు లేదు.

గట్టుమీదనుంచి ఒక మగగొంతు, "కళ్ళద్దాలు తుడుచుకోవే ముసలిదానా!" అని అరిచింది. అలాంటివి వినీ వినీ కొలీన్ చెవులు ఏనాడో కాయలు కాశాయి. ఆమెను తాకింది అది కాదు. పదిహేడో నంబరు పిల్ల మూరెడు దూరంలో నిలబడి ఉంది. అందరు పిల్లల్లా మొహంలోకి చూడలేదు. కొలీన్ చేతివైపు చూసింది. ఏదో అనబోయి నోరు తెరిచింది. మూసేసింది. కర్ర తీసుకుని, జడలోంచి నీళ్ళు కారుతుండగా తన జట్టు వైపు పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

మిగిలిన కాసేపట్లో ఏమీ జరగలేదు. రాడ్‌ఫీల్డ్ టోర్నమెంటుకు వెళ్ళింది.

మర్నాడు ఆదివారం. కొలీన్ తడిసిన బూట్లలో కాగితాలు కుక్కుతుంటే ఫోన్ మోగింది. ఫిలిస్. టోర్నమెంటులో ఏ ఆటకు ఏ అంపైరో నిర్ణయించేది ఆవిడే.

"కూర్చునున్నావా?" అంది ఫిలిస్.

"లేదు, బూట్లు ఆరబెట్టుకుంటున్నా."

"అయితే కూర్చో. కూర్చున్నావా? ఫైనల్ నీదే."

కొలీన్ చేతిలో బూటు అలాగే ఉండిపోయింది.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నా."

"ఇన్నాళ్ళూ నిన్ను ప్రతి మే నెలలో మొదటి రౌండ్లకే పంపి చంపుకు తిన్నాన్నేను. ఈసారి చిన్నా చితకా రౌండ్లు కాదు. ఫైనల్. నీ మోకాళ్ళింకా పనిచేస్తున్నాయి కదా?"

"పరుగెత్తుతాయి. మెట్లెక్కమంటేనే మొరాయిస్తాయి."

"మైదానంలో మెట్లుండవులే" అని నవ్వి పెట్టేసింది.

ఎవరికో ఒకరికి చెప్పాలి. కడుపు పట్టనంత సంతోషం వచ్చినప్పుడు మనిషికి ఇంకో మనిషి కావాలి, అది ఎంత వద్దనుకున్నా తప్పదు. ఫ్లోరిడాలో ఉన్న అక్కకు చేసింది, ఎత్తలేదు. వాకిట్లోకి వచ్చింది. పక్కింటి వాల్డెక్ గడ్డి కోస్తున్నాడు. కొలీన్ కంచె దగ్గరికి వెళ్ళి చెయ్యూపితే మిషను ఆపాడు.

"నాకు ఫైనల్ ఇచ్చారు" అంది.

"ఏ ఫైనలు? హాకీయా?"

"లక్రాస్. ఆడపిల్లలది. కాలేజీ."

"ఓహో, బాగుంది బాగుంది" అన్నాడు పాపం. మళ్ళీ మిషను తాడు లాగాడు.

కొలీన్ కారెక్కింది. ఎక్కడికని అనుకోలేదు గాని, కారుకు తెలుసు. సరస్సు ఒడ్డున తను చదివిన హానెట్ కాలేజీ మూతపడి నాలుగేళ్ళయింది. గేటుకు గొలుసు. గొలుసు కింద మనిషి దూరేంత సందు. మైదానం గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. లైలాక్ పొదలు మాత్రం ఎవరూ చూడకపోయినా విరగబూశాయి.

ఆమె ఆడిన రోజుల్లో ఈ మైదానానికి హద్దుగీతలు ఉండేవి కావు. ఆడపిల్లల ఆటకు హద్దులేమిటని అప్పటి పద్ధతి. బంతి ఆ పొదల్లో పడితే పొదల్లో దూరి తెచ్చుకునేవాళ్ళు. చేతులన్నీ గీరుకుపోయేవి, జుట్టు నిండా పూలు. ఆడపిల్లలకు టోర్నమెంటు పెట్టిన కొత్తలో హానెట్ ఒక్కసారి వెళ్ళింది. మొదటి రౌండులోనే చిత్తుగా ఓడింది. అయినా జెండా ఒకటి వచ్చింది. కాలేజీ మూసినప్పుడు సామాన్లతోపాటు దాన్నీ వేలం వేస్తే ఎవరో కొనుక్కుని పడవ మీద కప్పుకున్నాడట. అంత చరిత్రా ఇప్పుడు ఏ షెడ్డులోనో పడవలోకి వాననీళ్ళు కారకుండా చూస్తోంది.

"నాకు ఫైనల్ ఇచ్చారు" అంది కొలీన్ గడ్డితో.

జేబులో ఈల ఉంది. చుట్టూ చూసి, సిగ్గుపడుతూనే ఒకసారి ఊదింది. అప్పట్లో ఈల వినబడితే ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబొమ్మల్లా నిలబడిపోవాలి, అడుగు కదిపితే తప్పు. ఇప్పుడా నియమం తీసేశారు. ఈలకు గడ్డిలోంచి ఒక కుందేలు మాత్రం తలెత్తి బిగుసుకుపోయింది. కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత అదీ వెళ్ళిపోయింది.

సోమవారం కొలీన్ పనిలోకి వెళ్ళింది. ఆమె సూపర్‌మార్కెట్‌లో మాంసం, జున్ను కోసి తూచి ఇచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. నెత్తిన జాలీ టోపీ, చేతులకు పల్చటి తొడుగులు. ప్రతి సోమవారం మొదట వచ్చేది మిసెస్ పులాస్కీ. ఎనభై దాటినా నోటికి మాత్రం ఇంకా పదహారే.

"హామ్ కొయ్యమ్మా. సన్నగా. అవతలి మనిషి కనబడాలి."

"మీకు కనబడాల్సిన మనిషి ఎవరండీ?"

"ఎవడైనా ఫరవాలేదు ఈ వయసులో."

కొలీన్ నవ్వుతూ ముక్కలు కోసి, కాగితం మీద పేర్చి తక్కెడ మీద పెట్టింది. ముక్కలు ఒద్దికగా సర్దుకోవడానికి బొటనవేలితో పైన ఒకసారి నొక్కింది.

"వేలు తీశాకే చెప్పవే అమ్మా తూకం" అంది మిసెస్ పులాస్కీ. వారం వారం అనే మాటే. వారం వారం ఇద్దరూ నవ్వే నవ్వే.

కొలీన్ వేలు తీసింది. అంకె మారింది. ఆమె మాత్రం ఆ అంకె చదవలేదు. వేలివైపు చూస్తూ ఉండిపోయింది.

చల్లదనం. శనివారం ఆ కర్రను కంటికెత్తి చూస్తున్నంతసేపూ తడి బంతి చల్లదనం బొటనవేలికి తెలుస్తూనే ఉంది. చూస్తున్నంతసేపూ! జారిపోతుందేమోనని నొక్కిన వేలు నొక్కినట్టే ఉంచింది. వదల్లేదు. పెట్టింది, నొక్కింది, ఎత్తింది, చూసింది. మధ్యలో ఒక పని మాయమైంది. వేల కర్రలు చూసిన చెయ్యి, ఒక్క కర్ర దగ్గర మరిచిపోయింది. ఆ పిల్ల మొహంలోకి కాక చేతివైపు ఎందుకు చూసిందో ఇప్పుడర్థమైంది.

"ఏంటమ్మా, అంత బరువుందా?" అంది మిసెస్ పులాస్కీ.

ఇంటికెళ్ళి అలమరలోంచి తన పాత కర్ర తీసింది. తోలుసంచిని సింకులో నానబెట్టి, బంతి పెట్టి, నొక్కి, వదలకుండా చూసింది. తర్వాత వదిలి చూసింది. వదిలితే బంతి కొద్దిగా పైకి లేస్తోంది. గోరంత. ఆ గోరంతలోనే ఒక కాలేజీ మొత్తం నిలబడవచ్చు, మునిగిపోవచ్చు. ఎన్నిసార్లు చేసినా అంతే. తన కర్ర తనది, ఆ పిల్ల కర్ర ఆ పిల్లది, దీన్నిబట్టి దాన్ని చెప్పలేం. కానీ తను సరిగ్గా చూడలేదన్నది మాత్రం నిజం.

ట్రూడీకి ఫోన్ చేసింది. శనివారం ఆటకు ఇంకో అంపైరు ట్రూడీయే. చిన్నది, వసపిట్ట.

"ఎవరన్నా చూశారా?" అంది ట్రూడీ అంతా విని.

"ఆ పిల్ల చూసింది."

"ఏమన్నా అందా?"

"లేదు."

"మరింకేం! పిల్ల నోరు మూసుకుంది, ఆట అయిపోయింది, ఫలితం ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తావు? ఎల్మ్‌హిల్‌ని వెనక్కి పిలుస్తారా? పిలవరు. నీ ఫైనల్ పోతుంది, అంతే. కోరి కోరి తలమీద కొరివి పెట్టుకోకు, కొలీన్. నా మాట విను."

మాట సబబుగానే ఉంది. అదే బాధ. తప్పు మాటైతే కొట్టిపారెయ్యొచ్చు. కొలీన్ ఆ రాత్రి ఫైనల్ కోసం కొన్న కొత్త బూట్లు వేసుకుని వంటింట్లో అటూ ఇటూ నడిచింది. బాగున్నాయి. ఎక్కడా కరవడం లేదు. వాటిని చూస్తే ఏడుపొచ్చింది. కూర్చుని కాసేపు ఏడ్చింది కూడా, చూసేవాళ్ళు ఎవరూ లేరు గనక ముక్కు చీదుకుంటూ బాహాటంగానే ఏడ్చింది.

మంగళవారం పొద్దున్నే ఫిలిస్‌కు ఫోన్ చేసి చెప్పేసింది.

ఫిలిస్ అడ్డు చెప్పకుండా అంతా విన్నది.

"ఎందుకు చెప్పావే?" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పాక తెలియనట్టు ఉండలేను. ఫైనల్లో కర్ర చూడాల్సొస్తే? ఆ ఎల్మ్‌హిల్ వాళ్ళకు రేపు తెలిస్తే?"

"తెలుసు."

"ట్రూడీని పంపిస్తాను."

"మంచిది. బాగా పరుగెత్తుతుంది."

"కొలీన్..."

"నా మోకాళ్ళకు కూడా పోయిన శనివారం వాన సరిపడలేదులే. ఉంటాను" అని పెట్టేసింది.

ఇక మిగిలింది ఆ పిల్ల. క్షమాపణ చెప్పడం అంపైర్ల మర్యాద కాదు. అయితే తనిప్పుడు ఎవరి మర్యాద కాపాడాలి? ఎల్మ్‌హిల్ కోచ్‌ను అడిగితే ముభావంగా చెప్పింది. పిల్ల పేరు బ్రెన్నా. సెలవుల్లో ఒవాస్కో సరస్సు దగ్గర ఐస్‌క్రీం లాంటి కస్టర్డ్ అమ్మే బండిలో పనిచేస్తుందట.

గురువారం మధ్యాహ్నం ఎండ కాస్తోంది. బండి ముందు బల్లలన్నీ ఖాళీ. కిటికీలో ఎర్ర జడ కనిపించింది. కొలీన్‌ను చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"ఏం కావాలి మేడం?" అంది, ఏమీ ఎరగనట్టు.

"వెనిల్లా ఒకటి. నీకు తీరికుంటే రెండు మాటలు."

బ్రెన్నా కోను నింపింది. కస్టర్డ్ ఒక పక్కకు ఒరిగింది. తలుపు తీసుకుని బయటికొచ్చి బల్లకు అవతల నిలబడింది, కూర్చోలేదు.

"శనివారం నేను నీ కర్ర సరిగ్గా చూడలేదు" అంది కొలీన్. దారంతా వల్లించుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "వేలు తియ్యలేదు. అది నా తప్పు. గోలు వెనక్కి తేలేను. నీకు చెప్పాలని వచ్చాను."

"నేను చూశాను" అంది బ్రెన్నా.

"తెలుసు. మరి ఎందుకు అనలేదు? ఒక్క మాటంటే మళ్ళీ చూసేదాన్ని."

ఆ పిల్ల జడ కొస పట్టుకుని మెలి తిప్పసాగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కొలీన్ అడగనిదానికి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మళ్ళీ చూస్తారనే అనలేదు మేడం."

కొలీన్‌కు అర్థం కాలేదు.

"తడికి బంతి ఊరికే బయటికి ఎగిరిపోతోంది. విరామంలో ఒక తాడు వదులు చేశాను. కొంచెమే! ఒక్క ముడి. బెంచీ దగ్గర లాగుతుంటే రాడ్‌ఫీల్డ్ కోచ్ చూసింది. అందుకే ఆవిడ అడిగింది. మీ వేలు అలాగే ఉండడం చూసి ముందు కోపం వచ్చింది. అంతలోనే భయం వేసింది. మళ్ళీ సరిగ్గా చూస్తే ఎలాగూ దొరికిపోతాను కదా. దొరికితే దొంగనంటారు. మీ తప్పయితే, పాపం నాకు అన్యాయం జరిగిందంటారు. అంటున్నారు కూడా. మా వీధంతా అదే అంటున్నారు. మా నాన్న ఆ రోజు మిమ్మల్ని..." అని ఆగిపోయింది.

"ముసలిదానా అన్నది మీ నాన్నేనా?"

బ్రెన్నా తలూపింది.

"మంచి గొంతు" అంది కొలీన్.

పిల్లకు ఏడుపులోనే నవ్వొచ్చింది. బల్లకు ఇవతలికి వచ్చి కూర్చుంది. కొలీన్‌కు ఆ కోచ్ మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ తోలు నానేదాకా కాచుకుని కూర్చోలేదన్నమాట. చూసింది, అడిగింది. అంతే.

"ఫైనల్‌కి మీరేనట కదా మేడం? మా కోచ్ చెప్పింది."

"ట్రూడీ వెళ్తోంది."

"మీరెందుకు..." అని బ్రెన్నా కొలీన్ చేతివైపు చూసింది. చాలాసేపు చూసింది. తెలివైన పిల్ల, ఇంకేమీ అడగలేదు. లేచి వెళ్ళి బండి వెనకాల ఉన్న తన కారులోంచి కర్ర, బంతి తెచ్చింది. చట్రానికి ఇంకా ఎండిన బురద అంటుకుని ఉంది.

"ఆ ముడి అలాగే ఉంది. శనివారంనుంచి నేను ముట్టుకోలేదు. చూడండి."

కొలీన్ కోను ఎడమచేతిలోకి మార్చుకుంది. బంతి పెట్టింది. నొక్కింది. వదిలింది. ఎత్తి చూసింది. బంతి నెత్తి అంచుకు పైన ఎండలో తెల్లగా మెరిసింది. మంచి కర్ర. కానీ దాన్నిబట్టి ఏం చెప్తాం? తోలు ఎండిపోయింది, బిగుసుకుపోయింది.

బండి గోడకు చేతులు కడుక్కునే నల్లా ఉంది. బ్రెన్నా కర్ర తీసుకెళ్ళి సంచిని దానికింద పట్టింది. చెయ్యి నల్లా మీద వేసింది.

"తడిపి చూద్దాం మేడం. బాగా నానబెడితే ఆ రోజెలా ఉందో అలాగే అవుతుంది. తెలిసిపోతుంది."

కొలీన్ లేచి నిలబడింది. తెలుసుకోవాలని ఆమెకు ప్రాణం పోతోంది. బంతి పైన నిలిస్తే, ఒక కాలేజీకి మొదటి జెండా రాకుండా చేసింది తన వేలే. మునిగితే, గోలు చెల్లదన్న మాట న్యాయమే, నలభై ఏళ్ళు ఎదురుచూసిన ఫైనల్‌ను అనవసరంగా చేజేతులా వదులుకుంది. రెంటిలో ఏదో ఒకటి నిజం. ఆ నిజం ఈ నల్లాలో ఉంది.

ఆ పిల్ల పెదవులు బిగించుకుని ఉంది. ఏ శిక్షకైనా సిద్ధమన్నట్టు ఉంది. పట్టుమని ఇరవై ఏళ్ళు లేవు.

కొలీన్ నడిచి వెళ్ళి నల్లా మీదున్న చేతి మీద తన చెయ్యి వేసింది.

"వద్దు."

"ఎందుకు మేడం?"

"తెలిస్తే మనిద్దర్లో ఒకరికి ఇక జన్మలో నిద్ర పట్టదు. తెలియకపోతే ఇద్దరికీ చెరి సగం పడుతుంది. సగం నిద్రతో బతకొచ్చు, నేను బతికాను."

కర్ర అందుకుంది. కోను ఎక్కడ పెట్టాలో తెలియక ఆ పిల్ల చేతికిచ్చింది. వదులు చేసిన ముడి ఏదో వెతకనక్కర్లేదు, చేతికే తెలిసింది. బొటనవేలి గోటితో దాన్ని కొద్దికొద్దిగా కదిపి విప్పింది. తోలుతాడు కుదురుగా లాగి, బిగించి, కొత్త ముడి వేసింది. ఇక ఎంత నానబెట్టినా శనివారం తిరిగి రాదు.

"వచ్చే ఏడు నైలాన్ కట్టించుకో" అంది.

"తోలైతేనే బంతి చేతికి తెలుస్తుంది మేడం."

"అది నిజమేలే."

కారొకటి వచ్చి ఆగింది. పిల్లలు బిలబిలమంటూ దిగారు. బ్రెన్నా కోను తిరిగిచ్చి, కళ్ళు తుడుచుకుని లోపలికి పరుగెత్తింది. కొలీన్ కరిగిపోయిన కస్టర్డ్‌ను వేళ్ళ మీదనుంచి నాక్కుంటూ కారు వైపు నడిచింది. తలుపు తీస్తుంటే కిటికీలోంచి కేక వినిపించింది.

"ఆదివారం ఫైనల్ ఎక్కడ చూస్తారు మేడం?"

"ఇంట్లో."

"ఎవరెవరు?"

కొలీన్ బండి వైపు తిరిగింది. పిల్లలందరూ వెనక్కి తిరిగి తనవైపే చూస్తున్నారు.

"మా టీవీ చిన్నది" అంది. "ఇద్దరైతే సరిపోతారు."